కొట్టేసిన ఆప్షన్లు: ఆన్‌లైన్ వేధింపులకు గురైన ఒక ఇంటర్ అమ్మాయి కేసు

ఈ కేసులోని అమ్మాయికి ఇప్పుడు ఇరవై ఏళ్లు. రాసిందంతా తనకి చూపించాను. రెండు చోట్ల మార్పించింది, ఒక పేరా తీసేయమంటే తీసేశాను. ఊరు, కాలేజీ, గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు కొన్ని వదిలేశాను, కొన్ని మార్చాను. లైంగిక నేరాల నుంచి పిల్లల్ని కాపాడే పోక్సో చట్టం కింద నడిచే కేసుల్లో పిల్లల వివరాలు బయటపెట్టడం చట్టప్రకారం నేరం. అదొక్కటే కారణం కాదు. పేరు ఊరంతా పాకితే ఎలా ఉంటుందో ఒకసారి అనుభవించిన పిల్ల తను. నా వల్ల అది మళ్లీ జరగకూడదు.

2023 జనవరి. సంక్రాంతి సెలవులు అయిపోయాక హాస్టల్‌కి వెళ్లనని మొండికేసింది. ఎంపీసీ సెకండియర్. నెల తిరిగితే ప్రాక్టికల్స్, మార్చిలో పబ్లిక్ పరీక్షలు, మేలో ఇంజినీరింగ్ ప్రవేశపరీక్ష ఎంసెట్. తండ్రికి ఉమ్మడి కరీంనగర్ జిల్లాలోని ఒక మండల కేంద్రంలో మోటారు వైండింగ్ షాపు ఉంది. తల్లి ఇంట్లో బట్టలు కుడుతుంది. అమ్మాయి పట్నంలో ఒక ప్రైవేటు లేడీస్ హాస్టల్లో ఉండి కాలేజీకి వెళ్లేది. నేను కౌన్సెలర్‌ని. తల్లి నా దగ్గరికి వెంటబెట్టుకొచ్చి ఒకటే మాట చెప్పింది: "సదువు మీద మనసు వోతలేదంటది మేడమ్. సదివి సదివి బుర్ర ఖరాబైందో, ఎవరి దిష్టన్న తగిలిందో."

అమ్మాయిని అడిగితే తల ఎత్తకుండా అంది: "నేను ఇంటికాన్నే ఉంట మేడమ్. డిగ్రీ డిస్టెన్స్‌ల కడ్త."

అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో చదివి మంచి ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు నాకు తెలుసు. దూరవిద్యను నేను తక్కువ చేసి చూడను. కానీ ఈ అమ్మాయి అక్టోబరు దాకా వీక్లీ టెస్టుల్లో సెక్షన్ ఫస్ట్. టాపర్లంతా కంప్యూటర్ ఇంజినీరింగ్ (సీఎస్ఈ) అంటుంటే తను మాత్రం ఎలక్ట్రికల్ (ట్రిపుల్‌ఈ) కావాలన్న పిల్ల. చిన్నప్పటి నుంచి తండ్రి పక్కన కూర్చుని కాలిపోయిన మోటార్లు విప్పడం చూసింది, కాయిల్స్ చుట్టింది. అలాంటి పిల్ల మూడు నెలల్లో "ఇంటికాన్నే" అన్న మాటకి వచ్చిందంటే మధ్యలో ఏదో జరిగి ఉండాలి.

మొదటి రోజు డిప్రెషన్ తీవ్రత చూసే తొమ్మిది ప్రశ్నల పత్రం, పీహెచ్‌క్యూ-9 ఇచ్చాను. స్కోరు ఎంత ఎక్కువైతే డిప్రెషన్ అంత ఎక్కువని. 27కి 17 వచ్చింది. అంతకన్నా నన్ను ఆపేసింది తొమ్మిదో ప్రశ్న. చనిపోతే బాగుండు అనిపిస్తోందా అని అడిగే ఆ ప్రశ్నకి "కొన్ని రోజులు" దగ్గర టిక్ పెట్టింది. మిగతా పనులన్నీ పక్కనబెట్టి ఆ పూట దాని గురించే మాట్లాడుకున్నాం. ఆ ఆలోచన ఏ టైములో వస్తుంది, ఇంట్లో ఏమేం అందుబాటులో ఉంటాయి, అప్పుడు ఎవరిని లేపాలి. పురుగుల మందు డబ్బాలు ఇంట్లోంచి తీయించమని తల్లికి విడిగా చెప్పాను. పల్లెల్లో ఈ మాట ప్రతి కేసులోనూ చెప్పాలి. చిన్న అట్టముక్క మీద ముగ్గురి ఫోన్ నంబర్లు, కింద మానసిక సమస్యలకి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 రాసిచ్చాను. మర్నాడే సైకియాట్రిస్టుకి చూపించాం. రెండు వారాలు చూసి మందుల సంగతి ఆలోచిద్దామన్నారు. తర్వాత మందులు అవసరం పడలేదు.

జరిగిందేమిటో రెండో సెషన్లో తెలిసింది. నోటితో చెప్పలేకపోయింది. తెల్లకాగితం ఇస్తే అటూ ఇటూ నిండా రాసి, నా వైపు తోసి, గోడవైపు తిరిగి కూర్చుంది.

దసరా ముందు సెక్షన్లో ఒకబ్బాయి ప్రపోజ్ చేశాడు. వద్దంది. దసరా తర్వాత కాలేజీ పిల్లలు నడిపే, పేరు చెప్పకుండా ఏదైనా రాసే ఇన్‌స్టాగ్రామ్ కన్ఫెషన్స్ పేజీలో తన మీద పోస్టులు మొదలయ్యాయి. ఎవరు రాస్తున్నారో తెలియదు. తండ్రి పనిని పట్టుకుని తనకి "మోటారు" అని పేరు పెట్టారు. ఆ మాట చుట్టూ అల్లిన బూతులు ఇక్కడ రాయను. నవంబరులో రూమ్‌మేట్ బర్త్‌డేకి దిగిన ఫొటోలోంచి తన ముఖం కోసి, ఇంకెవరిదో ఒంటికి అతికించి ఒక టెలిగ్రామ్ గ్రూపులో వేశారు. కింద ఫోన్ నంబరు. ఆ రాత్రి తెల్లారేలోపు నలభైకి పైగా కాల్స్. తన పేరుతోనే ఫేక్ అకౌంట్ తెరిచి చుట్టాల పిల్లలకి రిక్వెస్టులు పంపారు. ఆ ఫొటో తన ఫోన్లో, రూమ్‌మేట్ ఫోన్లో తప్ప ఇంకెక్కడా లేదు. కాగితం చివర రాసిన వాక్యం అదే. అబ్బాయిలు రాసిన బూతుల కన్నా ఈ సంగతే తనని ఎక్కువ కోసింది. రెండేళ్లు ఒకే కంచంలో తిన్నారు ఇద్దరూ.

వార్డెన్‌కి చెప్పిందట. "నువ్వు ఫొటోలు దిగకుంటే ఈ లొల్లి ఉండకపోవు గదా" అన్నారట.

"ఎవ్వలకూ చెప్పద్దు మేడమ్" అని నా చెయ్యి పట్టుకుంది. కౌన్సెలర్‌గా చాలా రహస్యాలు నా దగ్గరే ఉంచుకుంటాను. కానీ పద్దెనిమిదేళ్లు నిండని పిల్ల ముఖంతో అశ్లీల చిత్రం తయారైందంటే పోక్సో చట్టం సెక్షన్ 19 ప్రకారం తెలిసినవాళ్లెవరైనా పోలీసులకి చెప్పి తీరాలి. చెప్పకపోతే శిక్ష ఉంది. ఈ సంగతి మొదటి రోజే చెప్పి ఉంచాను కాబట్టి నా మాట తనకి దెబ్బలా తగల్లేదు. "చెప్పకుండా ఉండటం నా చేతుల్లో లేదు బంగారం. ఎప్పుడు, ఎక్కడ, ఎవరి పక్కన కూర్చుని చెప్పాలో మాత్రం నువ్వే చెప్పు" అన్నాను. పోక్సో సెక్షన్ 24, 26 ప్రకారం స్టేట్‌మెంట్ కోసం పిల్ల స్టేషన్‌కి వెళ్లక్కర్లేదు. ఇంటికే వస్తారు, వీలైనంతవరకు మహిళా అధికారి వస్తారు, యూనిఫాంలో రారు, తల్లిదండ్రుల ముందే రాసుకుంటారు. ఇవన్నీ ఒక్కొక్కటే చెప్పాను. "డ్రెస్ లేకుండనే వస్తరా?" అని మళ్లీ మళ్లీ అడిగింది. వీధిలో పోలీసు జీపు ఆగుతుందని, అందరూ చూస్తారని తన భయం.

ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. మూడో సెషన్లో తల్లిదండ్రులిద్దరికీ జరిగింది చెప్పాం. చెప్పడం జాగ్రత్తగానే చెప్పాను. ఇంటికెళ్లాక ఏం చేయకూడదో మాత్రం చెప్పలేదు. ఆ రాత్రి తండ్రి ఫోన్ లాక్కుని ఇన్‌స్టాగ్రామ్, టెలిగ్రామ్, వాట్సాప్ అన్నీ తీసేశాడు. కోపంతో కాదు, ఆ చెత్త బిడ్డ కళ్లపడకూడదని. సాక్ష్యం పోయింది. ఫిజిక్స్ సార్ నోట్స్ పెట్టే గ్రూపూ పోయింది. అదృష్టం కొద్దీ పెద్దబాపు కొడుకు, హైదరాబాద్‌లో డిగ్రీ చదివే అన్న, ఫేక్ అకౌంట్ నుంచి వచ్చినవి తుడిచేయలేదు. ఆ అబ్బాయి నాకు పంపుతానంటే వద్దన్నాను. ఇలాంటి చిత్రాన్ని ఒకరికొకరు పంపుకోవడమే నేరం, కౌన్సెలర్‌కి పంపినా సరే. ఫోన్ అలాగే తీసుకుని నేరుగా పోలీసుల దగ్గరికి వెళ్లమన్నాను. అకౌంట్ లింకు, యూజర్‌నేమ్, తేదీ రాసిపెట్టుకోమన్నాను. పైన కనపడే పేరు క్షణంలో మార్చేస్తారు, లింకు ఉంటేనే దర్యాప్తుకి పనికొస్తుంది. ఇప్పుడు తల్లిదండ్రులకి నేను చెప్పే మొదటి మాట: ఏదీ తుడవొద్దు, ఎవరికీ పంపొద్దు.

ఆడపిల్లల మీద వేధింపుల కేసులు చూసే పోలీసు విభాగం షీ టీమ్ వాళ్లు మర్యాదగా వచ్చారు. సివిల్ డ్రెస్‌లో ఒక మహిళా ఎస్సై, తల్లి కుట్టుమిషన్ పక్కన పీట మీద కూర్చుని రాసుకుంది. కేసు నమోదైంది. 2021 ఐటీ రూల్స్ ప్రకారం మార్ఫింగ్ చిత్రాల మీద బాధితులు ఫిర్యాదు చేస్తే అప్పట్లో 24 గంటల్లో తీసేయాల్సి ఉండేది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫేక్ అకౌంట్, పేజీ పోయాయి. టెలిగ్రామ్ గ్రూపు పోవడానికి ఇంకొన్నాళ్లు పట్టింది. అవతలి ముగ్గురూ మైనర్లే. వాళ్ల విషయం మైనర్ల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకి వెళ్లింది. వాళ్లూ పదిహేడేళ్ల పిల్లలే, వాళ్లకీ బతుకుంది. అందుకని అంతకుమించి రాయను.

ఇంతవరకు చాలా కేసుల్లో జరిగేదే. ఈ కేసు రాయాలనిపించింది తర్వాత చూసినదాని వల్ల.

ఫిబ్రవరిలో ప్రాక్టికల్స్‌కి పంపే ప్రయత్నంలో ఉన్నాం. ఒకరోజు రికార్డు బుక్ తెమ్మంటే పొరపాటున రెండొందల పేజీల లాంగ్ నోట్‌బుక్ తెచ్చింది. చివరి పేజీలో కాలేజీల లిస్టు. అక్టోబరులో నీలి పెన్నుతో రాసుకున్నది, మొత్తం పన్నెండు. మొదట కూకట్‌పల్లి జేఎన్టీయూ, తర్వాత ఓయూ, ఆ కింద జగిత్యాల, మంథని, సుల్తాన్‌పూర్ జేఎన్టీయూ కాలేజీలు, తర్వాత ప్రైవేటువి. ప్రతిదాని పక్కన ట్రిపుల్‌ఈ అని. అదే పేజీ మీద ఎర్రపెన్నుతో తొమ్మిదింటిని కొట్టేసి ఉంది. మిగిలినవి మూడు. వాటి పక్కన ట్రిపుల్‌ఈ తీసేసి సీఎస్ఈ.

ఒక్కో గీత మీద వేలు పెట్టి ఎందుకు కొట్టేశావని అడిగాను. జగిత్యాల, మంథని? "మా సెక్షనోళ్లు అక్కడికే వస్తరు." కూకట్‌పల్లి? "ఆ పేజీ ఫాలో అయ్యే సీనియర్లు అక్కడున్నరు." ఓయూ? "అక్కడ కూడ ఉంటరు గావచ్చు." మిగిలిన మూడింట్లో ఒకటి అమ్మాయిల కాలేజీ, రెండు హైదరాబాద్ అవతలి అంచున. మన జిల్లా నుంచి ఎవరూ అంత దూరం పోరు. సరే, మరి ట్రిపుల్‌ఈ ఎందుకు మారింది? చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది:

"ట్రిపుల్‌ఈల ఆడపిల్లలు తక్కువుంటరు మేడమ్. తక్కువుంటే కనవడ్త. సీఎస్ఈల మందిల కలిసిపోవచ్చు." ఆగి, "ఇగ మోటార్లు అంటే మళ్ల అదే మాట అంటరు" అంది.

వేధింపులకి గురైన పిల్లల్లో మేము సాధారణంగా చూసేది మార్కులు, హాజరు, నిద్ర. తల్లిదండ్రులు చూసేవీ అవే. ఈ పిల్ల మార్కులు కొంత పడ్డాయి, మళ్లీ లేచాయి. రిపోర్టు కార్డు చూసినవాళ్లు "కోలుకుంది" అనేవాళ్లే. కానీ తన భవిష్యత్తు ఆ చివరి పేజీలో ఎర్రగీతల కింద మెల్లగా చిన్నదైపోతోంది. తనకేం కావాలి అన్న ప్రశ్న పోయి, ఎక్కడైతే ఎవరికీ కనపడను అన్న లెక్క వచ్చి కూర్చుంది. ఆ నోట్‌బుక్ పొరపాటున రాకపోతే నాకూ తెలిసేది కాదు. సీఎస్ఈ తీసుకున్న అమ్మాయిని చూసి భయపడి తీసుకుందని ఎవరనుకుంటారు?

ఇంట్లో అప్పటికే ఇంకో లెక్క నడుస్తోంది. మేనత్త కొడుకు సంబంధం. "పేరు ఖరాబు కాకముందే" అని నానమ్మ మాట. అమ్మాయికి పదిహేడు దాటి నాలుగు నెలలు. పద్దెనిమిది నిండకుండా పెళ్లి చేస్తే అది బాల్యవివాహమని, చేసిన పెద్దల మీదే కేసు అవుతుందని చెప్పాల్సి వచ్చింది. చట్టం మాట విని నానమ్మ ఊరుకుందే గానీ, మనసు మారలేదు. మార్చింది తండ్రి. "దాని తప్పు లేదని పోలీసులే రాసుకున్నరు గదనే అవ్వా. ఇగ మనమెందుకు శిక్షేద్దాం?" అన్నాడట. తల్లి చెప్పిందిది. ఆయన నా ముందు ఎప్పుడూ పది మాటలకి మించి మాట్లాడలేదు.

ఆయన ఇంకో మేలు కూడా చేశాడు. హాస్టల్ మానేసి ఇంట్లో ఉన్న ఆ నెలన్నరలో రోజుకో గంట షాపులో కూర్చోబెట్టమని అడిగాను. మంచం మీద ఒత్తిగిలి పడుకున్న పిల్లకి చేతులకి పని దొరకాలి, అది తనకి ముందే నచ్చిన పని కావాలి. వైండింగ్ అంటే ఒక్కో కాయిల్‌కి ఇన్ని చుట్లని లెక్క ఉంటుంది. లెక్క తప్పితే మోటారు వేడెక్కి మళ్లీ కాలిపోతుంది. జనవరి చివర్లో కూర్చున్నప్పుడు ముప్పై చుట్లకే లెక్క మర్చిపోయేదట. విప్పి మళ్లీ మొదలుపెట్టేది. రోడ్డు మీద బండి ఆగితే తల వంచుకునేది. ఫిబ్రవరి మూడో వారంలో తండ్రి ఫోన్ చేసి ఒకే ముక్క చెప్పాడు: "ఇయ్యాల అయిదు హెచ్‌పీ మోటారు మొత్తం లెక్క తప్పకుంట చుట్టింది మేడమ్." ఏకాగ్రత తిరిగొచ్చిందని నాకు ఏ స్కోరూ అంత స్పష్టంగా చెప్పలేదు. తర్వాతి వారం పీహెచ్‌క్యూ-9 పెడితే 11. తొమ్మిదో ప్రశ్న దగ్గర సున్నా.

కాలేజీకి వెళ్లడం మెట్టు మెట్టుగా చేశాం. ఆదివారం ఎవరూ లేనప్పుడు తల్లితో గేటు దాకా. తర్వాత పనిరోజు మధ్యాహ్నం ఆఫీసు రూమ్ దాకా. తర్వాత ల్యాబ్. ఈ మెట్ల మధ్యలో ఒక లెక్క వేయించాను. "అందరూ నన్ను అట్లనే చూస్తరు" అనేది. సెక్షన్లో తను కాక అరవై మంది. ఎవరెవరు ఏం అన్నారో పేర్లు రాయమన్నాను. వెకిలి మెసేజ్ పెట్టినవాళ్లు ఏడుగురు. ఏమీ అననివాళ్లు యాభై మంది. మిగిలిన ముగ్గురు "ఎట్లున్నవ్, ఎందుకు వస్తలేవ్" అని అడిగిన అమ్మాయిలు. ఆ ముగ్గురికీ తను జవాబే ఇవ్వలేదు. ప్రాక్టికల్స్ రోజు ఆ ముగ్గురిలో ఒకమ్మాయి గేటు దగ్గర తన కోసం నిలబడింది. మేమేం ఏర్పాటు చేయలేదు. ముందురోజు రాత్రి తనే మెసేజ్ పెట్టిందట, "రేపు వస్తున్న" అని.

ఏప్రిల్‌లో పరీక్షలయ్యాక ఇంకోసారి దెబ్బ తగిలింది. ఆ పాత నంబరు ఇంకో గ్రూపులోకి పోయింది, కాల్స్ మళ్లీ మొదలు. "ఆ నంబరు కొన్నాళ్లు ఆపేయండి" అన్నాను నేను. తండ్రి సిమ్ తీసి విరిచేశాడు. ఎంసెట్ అప్లికేషన్‌లో ఇచ్చింది ఆ నంబరే అని ఎవరికీ గుర్తు లేదు. ఇంజినీరింగ్ సీట్ల కౌన్సెలింగ్‌లో లాగిన్ ఐడీ, ఓటీపీ అన్నీ దానికే వస్తాయి. సిమ్ తండ్రి పేరు మీద ఉంది కాబట్టి ఆధార్ పట్టుకెళ్లి అదే నంబరుతో డూప్లికేట్ సిమ్ తెచ్చాడు. నంబరు మార్చాలనుకునే ప్రతి ఇంటికీ ఇప్పుడు చెబుతున్నాను: ముందు ఏయే అప్లికేషన్లలో ఆ నంబరు ఉందో చూసుకోండి. కౌన్సెలింగ్ అయ్యేదాకా సిమ్‌ని తల్లి దగ్గరున్న డబ్బా ఫోన్లో వేసి ఉంచండి.

ర్యాంకు పద్నాలుగు వేల చిల్లర. అక్టోబరులో సార్లు పదివేల లోపు వస్తుందన్నారు. బీసీ పిల్లలకి పదివేల లోపు ర్యాంకు వస్తే ఫీజు మొత్తం రీయింబర్స్‌మెంట్. దాటితే ₹35,000 వరకే, ప్రైవేటు కాలేజీలో మిగతాది ఇంట్లోంచి కట్టుకోవాలి. ఆన్‌లైన్ వేధింపులంటే మనసుకి తగిలే దెబ్బ అనే మాట్లాడుకుంటాం. ఈ ఇంట్లో అది ఏడాదికి ఇన్ని వేల రూపాయలని లెక్క కట్టి చూపించగల నష్టం కూడా. తండ్రి ఆ లెక్క ఒక్కసారి కూడా బిడ్డ ముందు ఎత్తలేదు.

ఏ కాలేజీ, ఏ బ్రాంచ్ కావాలో ఆన్‌లైన్‌లో వరసగా పెట్టుకునే వెబ్ ఆప్షన్లకి రెండు రోజుల ముందు, నోట్‌బుక్‌లో అదే చివరి పేజీ తెరిచాం. పక్కన కొత్త కాగితం. ప్రతి కాలేజీకీ ఎదురుగా రెండు గళ్లు: ఎందుకు కావాలి, దేనికి భయం. నేను పెట్టిన షరతు ఒకటే. ఊరికే భయం ఉందని ఏదీ కొట్టేయకూడదు, ఆ భయానికి ఆధారం ఏమిటో రాయగలిగితే కొట్టేయొచ్చు. కూకట్‌పల్లి ఎదురుగా ఆధారం ఏమీ రాయలేకపోయింది, మళ్లీ పైకి వెళ్లింది. జగిత్యాల, మంథని కూడా. అమ్మాయిల కాలేజీ గురించి నేను తొందరపడ్డాను, అది భయంతోనే పెట్టి ఉంటుందన్నాను. ఎందుకు కావాలన్న గడిలో రాసింది చదివాక మాట వెనక్కి తీసుకున్నాను: "ల్యాబ్‌ల మెషీన్ కాడ మనల్ని వెనక్కి నెట్టెటోళ్లు ఉండరు." అది కోరికే. ఆప్షన్లలో నాలుగో స్థానంలో ఉంచింది. ఒక కాలేజీని మాత్రం మళ్లీ ఎర్రపెన్నుతో కొట్టేసింది. రూమ్‌మేట్ దాంట్లోనే చేరబోతోందని తనకి తెలుసు. అది ఆధారం ఉన్న భయమే, నేను ఒక్క మాటా అనలేదు. బ్రాంచ్ దగ్గరికి వచ్చేసరికి నన్ను అడగలేదు. అన్నింటికీ ట్రిపుల్‌ఈ రాసి, రెండు చోట్ల మాత్రం ఎలక్ట్రానిక్స్ (ఈసీఈ) అదనంగా పెట్టింది.

సీటు ట్రిపుల్‌ఈలో వచ్చింది. కాలేజీ పేరు తను రాయొద్దంది.

మొత్తం పద్నాలుగు సెషన్లు, ఏడు నెలలు. చివరిసారి పీహెచ్‌క్యూ-9 స్కోరు 5. ఆ తర్వాత సెలవులకి వచ్చినప్పుడల్లా ఒకసారి కలిసి వెళ్తుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో అకౌంట్ ఉంది, ముఖం ఉన్న ఫొటో ఉండదు. క్లాసులో తొమ్మిది మందే అమ్మాయిలట. "కనవడ్తన్నవా?" అని అడిగితే నవ్వింది.

ఒకటి మిగిలిపోయింది. తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే ఇప్పటికీ ఎత్తదు. ఆ నలభై కాల్స్ రాత్రి ఇంకా ఒంట్లోంచి పోలేదు. ఇంట్లో ఉంటే తల్లి ఎత్తుతుంది, హాస్టల్లో ఉంటే మోగి మోగి ఆగిపోతుంది. మొన్న ఒక కంపెనీ నుంచి ఇంటర్న్‌షిప్ కోసం రెండుసార్లు చేశారు, రెండూ మిస్డ్ కాల్స్‌గానే మిగిలాయి. వచ్చే ఏడాది ప్లేస్‌మెంట్లు. హెచ్‌ఆర్ వాళ్లంతా తెలియని నంబర్ల నుంచే చేస్తారు. ఈ సెలవుల్లో వారానికి రెండు రోజులు రమ్మన్నాను. మొదటి వారం నేనే మా ఆఫీసులోని వేర్వేరు ఫోన్ల నుంచి, ముందే చెప్పిన టైముకి చేస్తాను. రెండో వారం టైము చెప్పను.